కళింగ యుద్ధం మీద అశోకుడి పశ్చాత్తాపం ఎర్రగుడిలో చెక్కారు, కళింగలో మాత్రం చెక్కలేదు, ఎందుకని?

నాగావళి_గట్టు:

అందరికీ నమస్తే, మాది శ్రీకాకుళం జిల్లా. చాన్నాళ్లుగా బుర్రలో తిరుగుతున్న ప్రశ్న ఒకటి ఇక్కడ పెడుతున్నా, చరిత్ర చదివినవాళ్లు కాస్త ఓపిగ్గా చెప్పండి.

భువనేశ్వర్ పక్కన ధౌలి ఉంది కదా, అక్కడికి పోయినవాళ్లలో ఎక్కువమంది కొండ మీద జపాన్ బౌద్ధుల సాయంతో కట్టిన తెల్ల శాంతి స్తూపం దగ్గర ఫోటోలు దిగి వచ్చేస్తారు, అసలు అశోకుడి శాసనం కొండ కింద ఉంటే దాని దగ్గర ఆగేవాళ్లు తక్కువ. ఏనుగు ముందు భాగం రాతిలోంచి బయటికొస్తున్నట్టు చెక్కారు, దాని కింద బండ మీద బ్రాహ్మీ అక్షరాలు. దయా నది దగ్గర్లోనే. యుద్ధం ఇక్కడే జరిగిందని అక్కడివాళ్లు చెప్తారు. స్కూల్లో చదివింది అందరికీ గుర్తుండే ఉంటుంది, పట్టాభిషేకం అయ్యి ఎనిమిదేళ్లు గడిచాక కళింగ మీదకి దండెత్తాడు, లక్ష మంది అక్కడికక్కడే చచ్చిపోయారు, లక్షా యాభై వేల మందిని పట్టుకుపోయారు, దానికి ఎన్నో రెట్ల మంది ఆ తర్వాత పోయారు, అదంతా చూసి రాజుకి మనసు విరిగిపోయింది అని. ఇదెవరో తర్వాత అల్లిన కథ కాదు, ఆయన వరసగా చెక్కించిన పద్నాలుగు పెద్ద శిలాశాసనాల్లో 13వ దాంట్లో ఆయనే చెప్పుకున్నాడు, అంకెలతో సహా.

కానీ ఆ 13వ శాసనం ధౌలిలో లేదు. 1 నుంచి 10 దాకా ఉన్నాయి, 14 ఉంది, మధ్యలో 11, 12, 13 వదిలేశారు. గంజాం జిల్లాలో రుషికుల్య ఒడ్డున జౌగడ ఉంది, మా ఇచ్ఛాపురం దాటి బరంపురం వైపు పోతే దగ్గరే, అక్కడ కూడా సేమ్ అంతే. అంటే కళింగ నేల మీద ఉన్న రెండు చోట్లా ఆ పశ్చాత్తాపం మాటే లేదు. అదే శాసనం గుజరాత్‌లో గిర్నార్‌లో ఉంది, ఇప్పటి పాకిస్తాన్‌లో షాబాజ్‌గఢీలో ఉంది, ఆఫ్ఘనిస్తాన్‌లో కాందహార్‌లో గ్రీకు భాషలో కూడా చెక్కించాడు, మన కర్నూలు జిల్లా ఎర్రగుడిలోనూ ఉంది.

మాకు ఇది పరాయివాళ్ల కథ కాదు. వంశధార, నాగావళి మధ్య నేలంతా పాత కళింగలోదే, దంతపురం, కళింగపట్నం, శ్రీముఖలింగం అన్నీ మా చుట్టుపక్కలవే, చచ్చిపోయిన ఆ లక్షలో ఇటువైపు పల్లెలవాళ్లు లేరని ఎవరనగలరు. మరి ఏ జనాన్ని చంపాడో ఆ జనానికి తప్ప లోకమంతటికీ బాధపడుతున్నానని చెప్పినట్టు లేదా ఇది? శాంతి, దయ అని ఊరూరా రాళ్ల మీద చెక్కించడం పేరు కోసమా, నిజంగా మనసులోంచి వచ్చిందా? ఆయన్ని మెచ్చుకుంటూ పెరిగినవాణ్ని, అందుకే ఇంత గట్టిగా అడగాలనిపిస్తోంది.

పత్తికొండ_సీమ:

అన్నా, మాది పత్తికొండ పక్కన పల్లె, గుత్తి నుంచి పత్తికొండకు వచ్చే దారిలో ఉండాది ఎర్రగుడి, మాకు బాగా దగ్గర. చిన్న గుట్ట, పెద్ద పెద్ద గుండ్లు, ఆ గుండ్ల మీద అక్షరాలు. 1920ల ఆఖర్లో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంట పడేదాకా ఇది అశోకునిదని బయట లోకానికి తెలీదు. పెద్ద శాసనాలు పద్నాలుగూ, చిన్న శాసనాలూ, రెండు రకాలూ ఒకే చోట ఉండేది మన దక్షిణాదిలో ఎర్రగుడిలోనే, ఈ సంగతి మన జిల్లాలోనే చానామందికి తెలీదు, అది నాకు ఎప్పుడూ బాధే.

ఇంత మూలకు వచ్చి ఎందుకు చెక్కించినారు అంటే, అప్పట్లో ఇది మూల కాదు. మౌర్యులకు దక్షిణాన సువర్ణగిరి అని ఒక రాజధాని, ఆడ రాజకుమారుడే కూర్చోని పాలన చూసేవాడు, ఆ సువర్ణగిరి మా జొన్నగిరే అని చానామంది చరిత్రకారుల మాట. పేరుకు తగ్గట్టు బంగారం ఉండే నేల, తొలకరి వానలు పడితే ఇప్పటికీ జనం తుగ్గలి, జొన్నగిరి చేలల్లో వజ్రాలు వెతుక్కునేకి ఎక్కడెక్కడి నుంచో వచ్చి టెంట్లు వేసుకుంటారు.

ఎర్రగుడి చిన్న శాసనం సంగతి చెప్తా. కొన్ని వరసలు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు రాసినారు, చదివేవాళ్లకు తల తిరుగుతుంది. దాంట్లో ఏముందంటే, రాజు మాటను రజ్జుకులు అనే అధికారులకు చెప్పాల, వాళ్లు భేరి కొట్టించి పల్లె జనానికి చెప్పాల, అమ్మానాయనల మాట వినండి, పెద్దోళ్లను గౌరవించండి, ప్రాణుల మీద దయ చూపండి, నిజం చెప్పండి అని. ఏనుగులు తోలేవాళ్లు, లెక్కలు రాసేవాళ్లు, చదువు చెప్పే బ్రాహ్మణులు, వీళ్లంతా తమ దగ్గర నేర్చుకునేవాళ్లకు ఇదే నేర్పాల. అంటే ఊరికే రాతి మీద పడేసి పోలేదన్నా, చదువు రానోళ్ల చెవిన కూడా పడాలని దండోరా ఏర్పాటు చేసినాడు. పేరు కోసమే అయితే ఇంత తిప్పలు ఎందుకు.

ఇంకో మాట. ఏ రాజు శాసనమన్నా తీసుకో, ఎన్ని కోటలు పట్టినాను, ఎందరి తలలు తెగ్గొట్టినాను, ఇదే ఉంటుంది. ఈయన గెలిచి కూడా చచ్చినోళ్ల లెక్క ముందు పెట్టినాడు. అది కూడా ఎట్ల, వాళ్లలో పెద్దల మాట వినే మంచోళ్లు ఉన్నారు, స్నేహితులను, పనోళ్లను బాగా చూసుకునేటోళ్లు ఉన్నారు, వాళ్లు చచ్చినారు, బతికినోళ్లకు కూడా తమవాళ్లు పోయిన దుఃఖం మిగిలింది, దాంట్లో నూరో వంతు, వెయ్యో వంతు మందికి ఇప్పుడు అట్ల జరిగినా నాకు భారమే అని. ఓడిపోయిన రాజు ఏడిస్తే అర్థం ఉంది, గెలిచినోడు తనంతట తాను ఇట్ల రాయించుకునేది నేను ఇంకెక్కడా చదవలేదు. ఆ 13వ దాంట్లోనే నా ధర్మాన్ని పాటించేవాళ్లు అని చెప్తా ఆంధ్రుల పేరు కూడా చెప్పినాడు, పుళిందులతో కలిపి. మీ వైపు జనం చచ్చిన లెక్క, మన జాతి పేరు, రెండూ ఒకే శాసనంలో ఉండాయి, అది తలుచుకుంటే నాకు ఏదో అవుతుంది.

రిటైర్డ్_సోషల్_మాస్టారు:

బాబూ నాగావళి, మంచి ప్రశ్న వేశావు, క్లాసులో పిల్లలు ఎవరూ నన్ను ఇది అడగలేదు, అడిగుంటే ఎంత సంతోషించేవాణ్నో.

ముందు 14వ శాసనం చూడు, ధౌలిలో కూడా ఉందన్నావు కదా. అందులో ఆయనే చెప్పాడు, నా రాజ్యం చాలా పెద్దది, కొన్ని చోట్ల క్లుప్తంగా, కొన్ని చోట్ల మధ్యస్థంగా, కొన్ని చోట్ల వివరంగా చెక్కించాను, అన్నీ అన్ని చోట్లకీ సరిపోవు, ఎక్కడైనా అసంపూర్తిగా ఉంటే ఆ చోటుని బట్టో, వేరే కారణం ఆలోచించో, లేకపోతే రాసేవాడి తప్పు వల్లో అయ్యుంటుంది అని. కాబట్టి కళింగలో 13 వదిలేయడం మర్చిపోయి జరిగింది కాదు, కావాలనే చేశారు, ఇందులో నాకు అనుమానం లేదు. ఇప్పుడే తండ్రుల్ని, కొడుకుల్ని పోగొట్టుకున్న జనం ముందు అధికారి నిలబడి మీలో లక్ష మందిని చంపాం అని నెలనెలా చదివి వినిపిస్తే ఆ పుండు మానుతుందా? ఓదార్పు అనుకోవచ్చు, తిరుగుబాటు వస్తుందన్న జాగ్రత్త అనుకోవచ్చు, నా ఉద్దేశంలో రెండూ ఉన్నాయి.

అయితే ఆ మూడు తీసేసి ఖాళీగా వదల్లేదు, వాటి బదులు రెండు ప్రత్యేక శాసనాలు పెట్టారు, నువ్వు వాటి ఊసు ఎత్తలేదు, అసలు విషయం అక్కడుంది. మొదటిది ధౌలిలో తోసలి నగరంలో న్యాయం చూసే మహామాత్రులకి, అంటే పెద్ద అధికారులకి రాసింది. మనుషులందరూ నా బిడ్డలే, నా బిడ్డలకి ఇహంలోనూ పరంలోనూ సుఖం కోరుకున్నట్టే అందరికీ కోరుకుంటాను అనే మాట మనం పుస్తకాల్లో చదువుతాం కదా, అది ఈ కళింగ శాసనంలోదే. ఆ తర్వాత అధికారుల్ని నిలదీస్తాడు. మీలో కొందరికి నా ఉద్దేశం పూర్తిగా అర్థం కాలేదు, ఒక మనిషిని కారణం లేకుండా జైల్లో పెడుతున్నారు, హింసిస్తున్నారు, దానివల్ల ఇంకెంతోమంది బాధపడుతున్నారు, అసూయ, కోపం, క్రూరత్వం, తొందరపాటు, బద్ధకం, అలసట, ఇవి ఉన్నవాడు న్యాయం చేయలేడు, ఇవి మీలో లేకుండా చూసుకోండి అంటాడు. ఈ శాసనాన్ని తిష్య, అంటే పుష్యమి నక్షత్రం రోజున అందరికీ చదివి వినిపించాలి, మధ్యలో కూడా వీలున్నప్పుడు, ఒక్క మనిషి వింటానన్నా సరే చదవాలి. అయిదేళ్లకోసారి మెత్తని మనసున్న ఒక పెద్ద అధికారిని తనిఖీకి పంపుతానని కూడా రాయించాడు. ఓడిపోయిన నేల మీద జనం వినేలా సొంత ఆఫీసర్లని ఇలా మందలించడం చిన్న విషయమా? నేను బాధపడ్డాను అని చెప్పడం కంటే మీ మీద జులుం జరక్కుండా చూస్తాను అని చెప్పడమే ఆ పల్లెల్లో బతికేవాడికి పనికొచ్చేది.

ఇంకో సంగతి కూడా ఆలోచించు. సింహళంలో రాసిన బౌద్ధ చరిత్రల్లో అశోకుడి గురించి బోలెడు ఉంది కానీ కళింగ యుద్ధం ఊసే లేదు, అక్కడ నిగ్రోధుడు అనే చిన్న సామణేరుణ్ని, అంటే ఇంకా పూర్తి భిక్షువు కాని కుర్రాణ్ని చూసి ఆయన మనసు మారినట్టు కథ. అంటే కళింగలో జరిగిన ఘోరం, దానికి ఆయన పడ్డ బాధ మనకి తెలిసింది కేవలం ఆయన నోటి నుంచే. ఆయన నోరు మూసుకుని ఉంటే ఇవాళ నువ్వూ నేనూ ఈ థ్రెడ్‌లో ఈ లెక్క గురించి మాట్లాడేవాళ్లమే కాదు.

అలాగని ఆయన్ని దేవుణ్ని చేయొద్దు. కళింగని తిరిగి ఇచ్చేయలేదు. సైన్యాన్ని రద్దు చేశానని ఎక్కడా లేదు. ఉరిశిక్ష తీసేయలేదు, నాలుగో స్తంభ శాసనంలో చావు శిక్ష పడినవాళ్లకి మూడు రోజుల గడువు ఇచ్చాడు, బంధువులు ప్రాణభిక్ష కోసం అడుక్కోవడానికో, పోయేవాడు పరలోకం కోసం దానధర్మాలు చేసుకోవడానికో. 13వ శాసనంలోనే అడవి జనాన్ని గట్టిగా హెచ్చరించాడు, పశ్చాత్తాపంలో ఉన్నా నా బలం తగ్గలేదు, సిగ్గు తెచ్చుకోండి, చావు కొనితెచ్చుకోకండి అని. కొడుకులకి, మునిమనవలకి కూడా కొత్తగా రాజ్యాలు గెలవాలని అనుకోవద్దన్నాడు, తప్పక గెలవాల్సి వస్తే ఓర్పు, తక్కువ శిక్ష పాటించండి అన్నాడు. తలుపు పూర్తిగా మూయలేదు. అయినా కత్తి చేతిలో ఉన్నవాడు, వాడే అవకాశం ఉన్నవాడు వాడనని పదిమందిలో చెప్పి రాతి మీద ఎక్కించాడంటే రేపు ఎవరైనా ఇదేంటని అడగడానికి సాక్ష్యం తానే ఇచ్చినట్టు. నువ్వు ఇవాళ చేస్తున్నది అదే కదా.

నాగావళి_గట్టు:

మాస్టారూ చాలా థాంక్స్, పత్తికొండ తమ్ముడికి కూడా. జైలు గురించిన ఆ భాగం చదువుతుంటే ఒళ్లు జలదరించింది, ఇప్పటి పోలీస్ స్టేషన్ గోడ మీద రాసి పెట్టాల్సిన మాటలు అవి. బద్ధకం, అలసట కూడా అన్యాయానికి కారణాలే అని ఒక రాజుకి తోచిందంటే ఆయన రోజూ ఫిర్యాదులు వినేవాడని అర్థమవుతోంది, కుర్చీలో కూర్చుని ఊహిస్తే తోచే మాటలు కావు.

కానీ అడవి జనం విషయం మింగుడు పడట్లేదు. మా వెనకాల తూర్పు కనుమలు, అక్కడ సవరలు, జాతాపులు, మాకు వాళ్లు పక్కింటివాళ్లు. ఆ రోజుల్లో అడవిలో ఉన్నవాళ్లు ఎవరికీ లొంగకుండా బతికారు, వాళ్ల తప్పేంటి? నాగరికులకి దయ, అడవివాళ్లకి హెచ్చరికా? ఇందులో శాంతి ఎంత, రాజ్యం ఎంత? దీని మీద ఎవరైనా చెప్పండి.

మంథని_మల్లన్న:

అన్నా, మాది గోదావరి ఒడ్డు, అడవి పక్కనే. నీ బాధ నాకు సమజైంది. ఆ హెచ్చరిక చదివినప్పుడు నాకు కూడా మనసుకు కష్టమే అనిపించింది. కానీ రెండో ప్రత్యేక శాసనం కూడా జర సూడు, అదీ మీ కళింగలనే ఉన్నది. సరిహద్దు అవతల ఇంకా లొంగని జనం రాజు మమ్మల్ని ఏం జేస్తడో అని భయపడుతుంటరు, వాళ్లకు చెప్పున్రి, నన్ను చూసి భయపడొద్దు, నా మీద నమ్మకం పెట్టుకోవాలె, నాతోని సుఖమే గాని దుఃఖం రాదు, మన్నించదగ్గ తప్పులను రాజు మన్నిస్తడు, తండ్రి లెక్క అనుకోండ్రి అని అధికారులకు రాసిండు. అండ్ల మన్నించదగ్గవి అనే మాట ఉన్నది, అంటే హద్దు ఉన్నది, అది నిజమే. అయినా గెలిచిన రాజు సరిహద్దు జనానికి మీరు భయంతోని బతకొద్దు అని కబురు పంపుడు ఆ కాలంల మామూలు ముచ్చట కాదు.

ఇగ నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. 13 కళింగల లేదు కాబట్టి దాచిండు అంటున్నరు గదా, సన్నతి గురించి ఎవ్వరూ చెప్పలే. కలబురగి జిల్లాల భీమా నది ఒడ్డున, మన తాండూరు దిక్కు నుంచి దూరమేం కాదు. ఆడ చంద్రలాంబ గుడి ఆవరణల కాళికామాత గుడి పైకప్పు 1986ల కూలింది, అప్పుడు అమ్మవారి విగ్రహం కింద పీఠంగ పెట్టిన రాయి బయటపడ్డది, చూస్తే దాని మీద అశోకుని శాసనాలు! ఎన్ని తరాలు ఆ రాయికి పసుపు కుంకుమ పడ్డదో ఏమో. దాని మీద 12, 14 తోని పాటు మీ కళింగకు రాసిన ఆ రెండు ప్రత్యేక శాసనాలు కూడా ఉన్నయి. సన్నతి కళింగ కాదు గదా. అంటే అధికారులు జనాన్ని సతాయించొద్దు, సరిహద్దు జనం భయపడొద్దు అనే మాటలు కళింగ గాయం మీద పూసిన మందు మాత్రమే కాదు, వేరే జాగలకు కూడా అవే మాటలు పంపిండు. నాకు ఇది మంచి సాక్ష్యమే అనిపిస్తది. ఒక్క కళింగ జనాన్ని చల్లబరిచేటందుకే చెప్తే ఇంకో జాగల రాసే అవసరం ఏమున్నది?

12 గురించి కూడా చెప్పాలె, నాకైతే అన్నిట్ల అదే గొప్పది. అప్పటికే ఆయన బౌద్ధ ఉపాసకుడు, సంఘానికి దగ్గరైన అని చిన్న శాసనంల తనే చెప్పుకున్నడు. అసుంటి రాజు చేతిల అధికారం పెట్టుకొని అందరు మా మతంలకు రాండ్రి అనలే. అన్ని మతాలోళ్లను గౌరవిస్త అన్నడు, నీ మతాన్ని పొగుడుకుంట పక్కోని మతాన్ని తిడితే నీ మతానికే నువ్వు ఎక్కువ నష్టం జేస్తున్నవు, నోరు అదుపుల పెట్టుకోండ్రి, ఒకరి ధర్మం ఒకరు వినండ్రి అన్నడు. ఇప్పుడు పొద్దున లేస్తే వాట్సాప్‌ల మనం చూసేది ఏంది? రాజు సొంతంగ ఒక మతాన్ని నమ్ముకుంట, ఆ మతం చెప్పిన దయను మాత్రం అందరి సొత్తు జేసి, దండోరా ఏసి చెప్పుడు, ఇదీ ఆయన పని. కళింగల 12 కూడా తీసేసుడు మాత్రం నాకు ఎంత ఆలోచించినా మింగుడు పడదు, అండ్ల గాయం రేపే ముచ్చట ఒక్కటి గూడ లేదు.

సన్నతి పక్కనే కనగనహళ్లిల ఒక పెద్ద స్తూపం దొరికింది, శాతవాహనుల కాలంది, అండ్ల ఒక శిల్పం మీద రాజు, పక్కన ఆడోళ్లు, కింద రాజు అశోకుడు అని బ్రాహ్మీల పేరు కూడా రాసిండ్రు. ఆయన పోయినంక ఎన్నో తరాలకు మన దక్కన్ శిల్పులు ఆయన్ని యాదికి పెట్టుకొని చెక్కిన్రు, ఎవ్వరూ బలవంతం జెయ్యలే.

కృష్ణాతీరం_అక్క:

అందరివీ చదివాను, చాలా బావుంది చర్చ, నేను అమరావతి వైపు నుంచి ఒక్క విషయం కలుపుతా. రాజు పబ్లిక్‌గా బౌద్ధం చెప్పే శాంతి వైపు నిలబడడం ఎంత అరుదో మన సొంత చరిత్ర చూస్తే తెలుస్తుంది. నాగార్జునకొండని ఏలిన ఇక్ష్వాకుల్ని తీసుకోండి. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు అశ్వమేధం, వాజపేయం చేశానని చెప్పుకున్న రాజు. అదే ఇంట్లో ఆయన చెల్లెలు చాంతిసిరి మహాచైత్యానికి, అంటే అక్కడి పెద్ద స్తూపానికి స్తంభాలు ఎత్తించింది, రాణులూ, ఆ ఇంటి ఆడవాళ్లూ విహారాలకి దానాలు ఇచ్చారు. అంటే సింహాసనం మీదున్న మగవాళ్లు యాగాలతో బలం చూపించుకుంటుంటే బుద్ధుడి పక్షాన నిలబడింది ఇంట్లో ఆడవాళ్లు. అమరావతి స్తూపం మీద దానాలు ఇచ్చినవాళ్ల పేర్లు చూడండి, వర్తకులు, గృహస్థులు, భిక్షుణులు, తోలు పని చేసే ఒక ఆయన తన కుటుంబంతో కలిసి ఇచ్చిన పలక కూడా ఉంది. రాజు పేరు వెతుక్కోవాలి.

అందుకే నాగావళి గారూ, మీ ప్రశ్నకి నా వైపు నుంచి జవాబు ఏంటంటే, అశోకుడి మాట కళింగ తీరం నమ్మిందా లేదా అన్నదానికి సాక్ష్యం మీ వంశధార ఒడ్డునే ఉంది. శాలిహుండం మీది కాదూ, కొండ మీద స్తూపాలు, చైత్యాలు, నదిలో పడవలు కనపడేంత ఎత్తులో. కిందకి వస్తే అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండ, విశాఖ దగ్గర తొట్లకొండ, బావికొండ. అశోకుడి వంశం పోయింది, మౌర్య రాజ్యం ఆయన తర్వాత యాభై ఏళ్లకే కూలిపోయింది, కొట్టి నమ్మించేవాడు ఎవడూ లేడు, అయినా ఆ తీరమంతా జనం తమ డబ్బుతో, తమ చేతులతో వందల ఏళ్లు బుద్ధుణ్ని నిలబెట్టుకున్నారు. దెబ్బ తిన్నవాళ్ల మనవలు, మునిమనవలు ఆ పని చేశారు. అది అశోకుణ్ని క్షమించి చేశారో, అశోకుడితో సంబంధం లేకుండా చేశారో, నాకైతే రెండోదే అనిపిస్తుంది, బుద్ధుడు వాళ్లకి రాజు ఇచ్చిన బహుమతి కాదు, వర్తకుల వెంట, భిక్షువుల వెంట వచ్చాడు.

రిటైర్డ్_సోషల్_మాస్టారు:

అమ్మా, చాంతిసిరి సంగతి గుర్తు చేసి మంచి పని చేశారు. కళింగ జ్ఞాపకం గురించి ఒక ముక్క నేనూ చెప్తాను. భువనేశ్వర్ దగ్గరే ఉదయగిరి కొండ మీద హాథీగుంఫా అనే గుహలో కళింగ రాజు ఖారవేలుడి శాసనం ఉంది. ఆయన జైనుడు, అయినా ఏ ఏడాది ఏం చేశాడో చెప్పుకుంటూ అందులో దండయాత్రల లెక్క కూడా చెప్పుకున్నాడు, శాతవాహన రాజు శాతకర్ణిని లెక్క చేయకుండా పడమటికి సేనని పంపానని కూడా అన్నాడు. నంద రాజు ఎత్తుకుపోయిన జినుడి విగ్రహం గురించి గుర్తు పెట్టుకుని రాశాడు కానీ అశోకుడి పేరు అందులో కనిపించదు. ఆ శాసనం చివర్లో మాత్రం తనని అన్ని మతాలనీ పూజించేవాడు, అన్ని దేవాలయాలనీ బాగు చేసేవాడు అని చెప్పుకున్నాడు. మల్లన్న చెప్పిన 12వ శాసనం కళింగలో చెక్కకపోయినా ఆ భావం ఆ నేల మీద రాజులకి అందింది అనుకోవడంలో తప్పు లేదు. యుద్ధం మానేయాలన్న భావం మాత్రం ఖారవేలుడికి అందలేదు, ఆయన శాసనమే సాక్ష్యం. అశోకుడు తన కొడుకులకి, మునిమనవలకి చెప్పిన మాట తన వంశంలోనే ఎంత నిలిచిందో తెలియచెప్పే రాత ఏదీ లేదు, బయట రాజులైతే అసలు పట్టించుకోలేదు. అహింసని నమ్మిన రాజులు మనకి చాలామంది ఉన్నారు, దాని కోసం తమ విజయాన్ని తప్పు పట్టుకున్నవాడు ఒక్కడే.

నాగావళి_గట్టు:

అందరికీ పేరుపేరునా దండాలు. ఇన్ని రోజులుగా ఒక్కణ్నే ఆలోచిస్తుంటే తోచనివి ఇక్కడ తెలిశాయి, ముఖ్యంగా సన్నతి, నాకు అది కొత్త.

నా మాట ఇప్పుడు ఇలా ఉంది. ఆయన బాధ నిజమే అని నమ్ముతున్నా, నటించేవాడు ఆఫీసర్ బద్ధకం దాకా ఆలోచించడు. కళింగలో 13 చెక్కకపోవడం కూడా మాస్టారు చెప్పినట్టు పుండు కెలకకూడదనే అయ్యుండొచ్చు. అక్క చెప్పిన శాలిహుండం పాయింట్ అయితే నన్ను కట్టిపడేసింది, అక్కడ పెరిగి కూడా ఆ కోణంలో ఎప్పుడూ చూడలేదు. కానీ ఒకటి మాత్రం వదలను. లక్షా యాభై వేల మందిని పట్టుకుపోయాను అని తన నోటితో చెప్పాడు. వాళ్లని తిరిగి ఇళ్లకి పంపించాను అని ఆయన శాసనాల్లో ఎక్కడా లేదు. దారి పొడుగునా చెట్లు నాటించిన లెక్క చెప్పాడు, బావులు తవ్వించిన లెక్క చెప్పాడు, మనుషులకి, పశువులకి వైద్యం ఏర్పాటు చేసింది చెప్పాడు, వంటింట్లో రోజూ చంపే జంతువుల్ని రెండు నెమళ్లు, ఒక జింకకి తగ్గించింది కూడా చెప్పాడు, అంత చిన్న మంచి పనిని కూడా చెప్పుకున్న మనిషి, ఇంత పెద్ద పని చేసుంటే చెప్పకుండా ఉండేవాడా? చేయలేదు కాబట్టే చెప్పలేదు అని నా నమ్మకం. చచ్చినవాళ్లని ఎవరూ తేలేరు, బతికున్నవాళ్లని పంపడం ఆయన చేతిలో పనే. కళింగ శాసనంలో నాకు కావాల్సింది ఏడుపు కాదు, మీవాళ్లు వెనక్కి వస్తున్నారు అనే ఒక్క వాక్యం. ఆ వాక్యం ఉంటే 13 లేకపోయినా నేను అడిగేవాణ్ని కాదు.

మాస్టారూ, మల్లన్నా, దీనికి మీ దగ్గర జవాబుంటే చెప్పండి, నేను రోజూ చూస్తుంటా. తమ్ముడూ, నేను ఎర్రగుడి రావాలనుకుంటున్నా, ఎలా రావాలి?

పత్తికొండ_సీమ:

అన్నా, పట్టుకుపోయినోళ్ల గురించి నువ్వు అడిగింది న్యాయమే, నాకాడ జవాబు లేదు, దాని గురించి నేను ఇంతవరకు ఆలోచించనే లేదు. రావాలంటే రైల్లో గుత్తి జంక్షన్‌లో దిగు, ఆడి నుంచి పత్తికొండ రోడ్డు. ఎండాకాలంలో వద్దు, మా ఎండకు ఆ గుండ్ల మీద చెయ్యి పెట్టలేవు. వానలు తగ్గినాక రా, పొద్దున్నే పోదాం, ఏటవాలు వెలుతురులో అక్షరాలు బాగా కనపడతాయి. దగ్గర్లోనే రాజుల మందగిరిలో ఇంకో చిన్న శాసనం ఉండాది, అది కూడా చూపిస్తా. వచ్చేటప్పుడు ఆ రెండు ప్రత్యేక శాసనాల తెలుగు మాట ఎక్కడన్నా దొరికితే ప్రింట్ తీసుకొని రా, మా ఊరి హైస్కూల్లో పిల్లలకు ఎర్రగుడిలో ఉండేవి చెప్తారు, మీ కళింగలో ఉండేవి వాళ్లకు ఎవరూ చెప్పలేదు.